రాయవేలూరులో రోటా వైరస్ వెంట

రాయవేలూరు సీఎంసీలో పనిచేశానని చెబితే మా చిత్తూరు వైపు వాళ్ళు వెంటనే అడిగేది ఒకటే: "నర్సమ్మవా, డాక్టరమ్మవా?" రెండూ కాదు, పరిశోధన విభాగంలో పనిచేశానంటే "ఓహో" అని ఊరుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. మా ఊళ్ళకు సీఎంసీ అంటే పెద్దాసుపత్రి. కిడ్నీ జబ్బైనా, కష్టమైన కాన్పైనా, ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే కాట్పాడి దారి పట్టి ఆ గేటు ముందు దిగాల్సిందే. ఇడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ చోట పసిపిల్లల నీళ్ళ విరోచనాల మీద, వాటిని తెప్పించే రోటా వైరస్ మీద ఏళ్ళ తరబడి ఎంత పని జరిగిందో, దాని ఫలం మన ఊరి సబ్‌సెంటర్ దాకా ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళు తక్కువ. ఆ పనిలో నాకూ ఓ మూల చోటు దొరికింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయ్యాక వేలూరులో ప్రాజెక్టు ఉద్యోగం వచ్చింది. విభాగం పేరు గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ సైన్సెస్. మా ల్యాబును మాత్రం అందరూ 'వెల్‌కమ్' అనేవాళ్ళు, లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ పేరు మీద. పరిశోధనను నడిపింది గగన్‌దీప్ కాంగ్ గారు. 2019లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయ మహిళా శాస్త్రవేత్త అని పత్రికలన్నీ రాస్తే నేను మా ఇంట్లో అందరికీ ఆ ఫొటో చూపించుకున్నాను.

నేను చేరేటప్పటికి పెద్ద పని ఒకటి జోరుగా సాగుతోంది. 2002లో మొదలైంది. వేలూరు ఊళ్ళోనే రామనాయకన్‌పాళయం, చిన్నల్లాపురం, కస్పా అని పేదల పేటలు. బీడీలు చుట్టి బతికే ఇళ్ళు ఎక్కువ. అక్కడ పుట్టిన బిడ్డల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్ళు నిండేదాకా వదలకుండా వెంట ఉండి చూడాలి. 452 మంది పిల్లలు చేరారు. మూడేళ్ళూ పూర్తయ్యేదాకా నిలిచినవాళ్ళు 373 మంది. ఇల్లు మారేవాళ్ళు, అమ్మగారింటికి వెళ్ళి రానివాళ్ళు, విసిగిపోయి వద్దనేవాళ్ళు, అన్నీ పోను అంతమంది మిగిలారంటే అది మామూలు సంగతి కాదు.

ప్రతి ఇంటికీ ఫీల్డు వర్కర్లు వారానికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళు. బిడ్డకు బాగున్నా బాగాలేకపోయినా రెండు వారాలకోసారి మలం శాంపిల్ తీసుకోవాలి. విరోచనాలైతే అప్పుడు విడిగా మళ్ళీ తీసుకోవాలి. ఆర్నెల్లకోసారి కొంచెం రక్తం. రోటా వైరస్ పిల్లల్లో చాలాసార్లు లక్షణాలేవీ లేకుండానే వచ్చిపోతుంది. జబ్బు చేసినప్పుడే చూస్తే సగం కథ చేజారిపోతుంది. అందుకే బాగున్న పిల్లల శాంపిల్ కూడా అంత ముఖ్యం. కానీ ఈ మాట ఒక తల్లికి చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ల్యాబులో కూర్చున్న నాకు మొదట్లో తెలియలేదు.

ఒకరోజు ఫీల్డు అక్కతో కలిసి కస్పాకు వెళ్ళాను. ఇరుకు సందు, రెండు పక్కలా మోరీ, గుమ్మాల్లోనే జీవితం. ఒక గుమ్మంలో ఒకావిడ ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన బిడ్డ దోగాడుతూ రాలిన తునికాకు ముక్కను నోట్లో పెట్టుకోబోతే, చేతిలో పని ఆపకుండానే మోచేత్తో పక్కకు నెట్టింది. ఆకును కొలత ప్రకారం కత్తిరించి, చిటికెడు పొగాకు పోసి, మునివేళ్ళతో ఒక్క చుట్టు చుట్టి, కొస మడిచి దారం వేయడం, ఇదంతా జరుగుతూనే ఉంది, ఆవిడ చూపు మాత్రం మా మీదే. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పేటల్లో అరవం, ఉర్దూ, మధ్యమధ్య మన తెలుగు ఇళ్ళూ ఉంటాయి.

"బిడ్డ బాగానే ఉండాడు కదమ్మా, ఇంకెందుకు మీకు డబ్బా?" అంది.

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. ఆవిడకు తెలుగు అంతంతమాత్రమే, అయినా సర్దుకుంటుంది. "పోయినసారి నీ పెద్దదానికి బేదులైనప్పుడు ఎంత భయపడినావు? అది యాడ నుంచి వస్తాందో, ఎప్పుడు వస్తాందో కనిపెట్టాలంటే బాగుండే బిడ్డదీ చూడాల మే. నీ బిడ్డది నీకే చెప్తాం."

ఆవిడ కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళి పొద్దున తీసిపెట్టిన డబ్బా తెచ్చి ఇచ్చింది. ముందే తీసి పెట్టింది! అడిగించుకోవాలనే తప్ప ఇవ్వకూడదని కాదు. అక్క డబ్బా మీద నంబరు రాసి, ఐస్ పెట్టెలో పెట్టి, బిడ్డ చెంప నిమిరి, ఇంట్లో పొయ్యి మీద ఏముందో కూడా అడిగి లేచింది. వారానికి రెండుసార్లు ఇన్ని వందల ఇళ్ళకు, మూడేళ్ళపాటు. ఎంతపెద్ద పత్రికలో అచ్చయిన పేపరైనా ఆ పలకరింపు మీదే నిలబడిందని నేను నమ్ముతాను.

ల్యాబులో మా పని ఆ డబ్బాలు వచ్చాక మొదలయ్యేది. మొదట ఎలైజా, వైరస్ ఉందో లేదో రంగుతో చెప్పే పరీక్ష. పరీక్ష పలకలోని చిన్న గుంటల్లో రంగు నీలం తిరిగి, ఆమ్లం పోయగానే పసుపుకు మారితే అందులో వైరస్ ఉన్నట్టు. ఆ తర్వాత దాని జన్యువు తీసి, లక్షల ప్రతులు చేసే పీసీఆర్‌లో పెట్టి, ఏ రకమో తేల్చాలి. ఇవన్నీ ఇప్పుడు ఎవరికైనా తెలిసిన పనులే. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైంది పాత పద్ధతి, వెండితో జెల్‌కు రంగెక్కించడం.

రోటా వైరస్ ఆర్‌ఎన్ఏ అంటే దాని జన్యు పదార్థం. అది పదకొండు ముక్కలుగా ఉంటుంది. రాత్రంతా జెల్‌లో కరెంటు పారితే చిన్న ముక్కలు కిందికి పరిగెడతాయి, పెద్దవి పైనే ఉండిపోతాయి. పొద్దున తీసి చూస్తే ఏమీ కనపడదు, అద్దంలాంటి పలక. సిల్వర్ నైట్రేట్‌లో నానబెట్టి, కడిగి, ఫార్మాల్డిహైడ్ కలిపిన క్షారం పోసి ట్రేను మెల్లగా ఊపుతూ ఉంటే లేత గోధుమరంగులో ఒక్కో గీత పైకి తేలుతుంది. పైన నాలుగు, తర్వాత రెండు, ఆపైన దగ్గర దగ్గరగా మూడు, అడుగున రెండు. కంచిపట్టు చీర అంచులో జరీ గీతల్లా. సరిగ్గా అప్పుడే ఎసిటిక్ ఆమ్లం పోసి ఆపేయాలి, ఒక్క నిమిషం ఆలస్యమైతే పలకంతా నల్లబడిపోతుంది. ఆ వరస ఒకసారి కంటికి అలవాటైతే ఇక మరిచిపోలేం. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె తోటివాళ్ళు ఈ వైరస్‌ను మొదటిసారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే కస్పా బిడ్డ డబ్బాలోంచి నా చేతిలో ట్రేలో తేలుతోందంటే ఒళ్ళు పులకరించేది.

అంతర్జాతీయ సహకారం అంటే విమానాలెక్కి తిరగడం, ఫొటోలు దిగడం అనుకుంటారు చాలామంది. మాకు అది ఎక్కువగా సాయంత్రం ఫోన్ కాల్. మాకు ఆరైతే లండన్‌లో మధ్యాహ్న భోజనాల వేళ, హ్యూస్టన్‌లో అప్పుడే తెల్లవారుతుంది. ముగ్గురికీ కుదిరేది ఆ ఒక్క గంటే. హ్యూస్టన్ బేలర్ మెడికల్ కాలేజీ నుంచి మేరీ ఎస్టెస్ బృందం, ఇంగ్లండ్ నుంచి జిమ్ గ్రే, మిరెన్ ఇటురిజా-గొమారా వంటివాళ్ళు. ఎస్టెస్ గారంటే మాకు ఎంత గౌరవమో చెప్పలేను. ఈ వైరస్‌లోని ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రోటీన్ ఒక్కటే విషంలా పనిచేసి విరోచనాలు తెప్పించగలదని 1996లో చూపించింది ఆమె బృందమే. బోస్టన్ టఫ్ట్స్ నుంచి హొనొరీన్ వార్డ్ గారి సహకారం విభాగంలో ఎందరికో శిక్షణ ఇప్పించింది.

మనిషి శరీరం నుంచి తీసిన శాంపిళ్ళు దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతులు కావాలి. ఆ కాగితాలన్నీ నడిచేసరికి నెలలు గడిచేవి. మొదట్లో అది చికాకుగా ఉండేది గానీ, దానివల్ల ఒక మేలు జరిగిందని తర్వాత అర్థమైంది. శాంపిళ్ళు అక్కడికి పంపడం కంటే మనుషులు అక్కడికి వెళ్ళి పని నేర్చుకొచ్చి ఇక్కడ చేయడమే తేలిక. అట్లా ల్యాబులో చేతులు తయారయ్యాయి. తర్వాతి రోజుల్లో ఆగ్నేయాసియా ప్రాంతానికి రోటా వైరస్ రెఫరెన్స్ ల్యాబుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వేలూరునే పెట్టుకుంది. పక్క దేశాలవాళ్ళు వచ్చి మా బెంచీల దగ్గర నిలబడి నేర్చుకునేవాళ్ళు.

అటు నుంచి మాకు రావాల్సినవి వచ్చేటప్పుడు వేరే తిప్పలు. ఒకసారి డ్రై ఐస్‌లో పెట్టి పంపిన పరీక్ష రసాయనాల పెట్టె దారిలో ఎక్కడో గోదాములో ఉండిపోయింది. చేతికి వచ్చేసరికి డ్రై ఐస్ ఆవిరైపోయి పెట్టె తేలికగా తగిలింది. వేసవి, పైగా వేలూరు ఎండ. తెరవకముందే అందరికీ తెలిసిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. మళ్ళీ మెయిల్ రాసి, మళ్ళీ తెప్పించుకున్నాం. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ అందుకుందా లేదా అని చెవులు రిక్కించి వినడం, మైనస్ డెబ్భై ఫ్రీజర్ల వైపు పరిగెత్తడం ఇంటికొచ్చాక నిద్రలో కూడా వదల్లేదు నన్ను.

ఇక అసలు సంగతి. ఈ పనంతా ఎందుకు? రోటా వైరస్ మీద పిల్లలకు సహజంగా వచ్చే రక్షణ గురించి అప్పటికే ఒక గొప్ప అధ్యయనం ఉంది. మెక్సికో నగరంలో 200 మంది పసిపిల్లల్ని పుట్టుక నుంచి వెంబడించి 1996లో ప్రచురించారు. రెండుసార్లు వైరస్ సోకిన బిడ్డకు ఆ తర్వాత ఓ మోస్తరు నుంచి తీవ్రమైన రోటా విరోచనాలు మళ్ళీ రాలేదని తేలింది. టీకా రెండు మూడు డోసులు వేస్తే చాలన్న నమ్మకానికి అది పునాది. మన పిల్లలకూ అంతేనా? దాన్ని అక్కడి లెక్కతో ఊహించుకోకూడదు, ఇక్కడ చూడాలి. కానీ పోల్చాలంటే పద్ధతి ఒకటే ఉండాలి. అందుకని జబ్బు తీవ్రతకు ఫిన్లాండ్‌లో పుట్టిన వెసికారి స్కోరే వాడారు. ఎన్ని రోజులు, రోజుకెన్నిసార్లు, వాంతులెన్ని, జ్వరమెంత, ఒంట్లో నీరెంత తగ్గింది, అన్నీ కలిపి 20కి లెక్క. 11 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం. కస్పా గుమ్మంలో తల్లి చెప్పే "నిన్న రాత్రి నుంచి నాలుగుసార్లమ్మా" అన్న మాట ఆ స్కోరులో ఒక అంకె అవుతుంది.

జవాబు మెక్సికోలా రాలేదు. మన పిల్లల్లో 56 శాతం మందికి ఆరు నెలలు నిండకముందే వైరస్ సోకింది. సోకినవాళ్ళకే మళ్ళీమళ్ళీ సోకింది. కనిపెట్టిన ఇన్ఫెక్షన్లన్నిటిలో మొదటిసారివి దాదాపు 30 శాతమే. మూడుసార్లు సోకి తట్టుకున్న బిడ్డకు కూడా ఓ మోస్తరు, తీవ్రమైన జబ్బు నుంచి దొరికిన రక్షణ 79 శాతం. ఈ ఫలితం 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆ పేపరులో వేలూరు, హ్యూస్టన్, లండన్ పేర్లు ఒక వరసలో ఉంటాయి. నా పేరు అందులో లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఆ పట్టికలో ఉన్న శాంపిళ్ళలో కొన్ని నా చేతిమీదుగా వెళ్ళినవి. అది చాలు నాకు.

దానికంటే ముందు, 2007లో వచ్చిన ఇంకో పేపరు నాకు మరీ ఇష్టం. కొందరు బిడ్డలకు పుట్టిన కొద్దిరోజుల్లోనే, ఆసుపత్రి నర్సరీలో ఉండగానే రోటా సోకుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో మహరాజ్ కిషన్ భాన్ గారు 1985-86లో అట్లాంటి పసికందుల దగ్గర ఒక రకాన్ని పట్టుకున్నారు, దాని పేరు 116ఈ. అది సోకిన పిల్లలకు లక్షణాలేవీ లేవు. పైగా తర్వాత వచ్చే తీవ్రమైన జబ్బు నుంచి వాళ్ళకు రక్షణ దొరికింది. పశువుల రోటా వైరస్ నుంచి ఒక జన్యువు తెచ్చుకున్న మనుషుల వైరస్ అది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) వాళ్ళకు ఐ321 అని ఇంకోటి దొరికింది. వేలూరు నర్సరీ పిల్లల్లో తిరిగే రకం 116ఈ కంటే వేరు, జీ10పీ11. అదీ పశువుల జన్యువులు కలిసినదే. మరి అదీ కాపాడుతుందా? మా పేటల పిల్లల్ని చూస్తే లేదు, కాపాడలేదు. పుట్టగానే ఆ రకం సోకినవాళ్ళకూ, సోకనివాళ్ళకూ తర్వాత తేడా కనపడలేదు. 'లేదు' అన్న ఫలితం రాయడానికి, అచ్చువేయడానికి చాలామంది ఇష్టపడరు. మా విభాగం రాసింది. పసికందులకు సోకే రకాలన్నీ టీకాకు పనికొస్తాయన్న ఆశతో ఎవరూ పొరపడకుండా కాపాడింది ఆ 'లేదు'. సైన్సులో నిజాయితీ అంటే నాకు ఇప్పటికీ ఆ పేపరే గుర్తొస్తుంది.

ఢిల్లీ రకం 116ఈ మాత్రం ముందుకు వెళ్ళింది. 1987లో మొదలైన భారత-అమెరికా వ్యాక్సిన్ కార్యక్రమం కింద భాన్ గారు, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో రోజర్ గ్లాస్, స్టాన్‌ఫర్డ్‌లో హ్యారీ గ్రీన్‌బర్గ్ కలిసి దాని మీద పనిచేశారు. తర్వాత పాత్ (PATH) అనే అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ తోడయ్యాయి. టీకాగా తయారుచేసే బాధ్యత హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తీసుకుంది. డోసు ఒక డాలరుకే ఇస్తామన్నారు. బిడ్డలో పట్టుకున్న వైరస్ టీకా అయ్యేసరికి దాదాపు ముప్పై ఏళ్ళు.

చివరి దశ పరీక్షలు 2011లో మొదలయ్యాయి. ఢిల్లీ, పుణె, వేలూరు మూడుచోట్లా కలిపి 6,799 మంది పసిపిల్లలు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు చుక్కలు. చుక్కలకు ముందు కడుపులోని ఆమ్లం వైరస్‌ను చంపకుండా కొంచెం క్షార ద్రావణం. ఏ బిడ్డకు టీకా వెళ్ళిందో, ఏ బిడ్డకు ఉత్త ద్రావణం వెళ్ళిందో వేసేవాళ్ళకూ తెలియదు, తల్లికీ తెలియదు. జబ్బు చేసిన ప్రతి బిడ్డకూ వెంటనే వైద్యం అందాలి, అది నియమం. వేలూరులో ఈ పని సాఫీగా సాగిందంటే పదేళ్ళుగా ఆ సందుల్లో తిరిగిన అక్కలు ఉండబట్టే. వాళ్ళు తలుపు తడితే తెరుచుకునేది.

2013 మేలో ఫలితం ప్రకటించారు. తీవ్రమైన రోటా విరోచనాల మీద మొదటి ఏడాదిలో 56 శాతం రక్షణ. టీవీలో విన్నవాళ్ళు "అంతేనా?" అన్నారు. మా బంధువుల్లో చదువుకున్నాయన ఒకరు, "సగానికి సగం ఫెయిలే కదమ్మా, దీనికి ఇన్నేళ్ళా?" అని నా ముఖం మీదే అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లలు ఏటా దాదాపు 78,000 మంది ఒక్క రోటా వైరస్‌తోనే చనిపోతారని అప్పట్లో లెక్క. ఆసుపత్రిలో చేరేవాళ్ళు 8,72,000 మంది. విరోచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో 39 శాతం మందికి రోటా ఉందని, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో వేలూరు కూడా కలిసి చేసిన సర్వేలో తేలింది. ఇంత పెద్ద సంఖ్యలో సగం తగ్గితే ఎంతమంది తల్లుల ఒడి నిండుగా ఉంటుందో లెక్క కట్టండి. ధనిక దేశాల్లో రోటా టీకాలు 85, 90 శాతం పనిచేస్తాయి, నిజమే. కానీ అక్కడ ఆ జబ్బుతో చనిపోయే పిల్లలు ఎంతమంది? అవే టీకాలు మన దగ్గరికి, ఆఫ్రికాకు వస్తే అవీ సగం దగ్గరే ఆగుతాయి. టీకా నాసిరకమని కాదు. మూడుసార్లు సోకినా 79 శాతమే రక్షణ దొరికే నేల మీద ఉన్నాం మనం. ఆ సంగతి కస్పా పిల్లలు 2011లోనే చెప్పారు. వాళ్ళు చెప్పకపోయుంటే 56 అన్న అంకెను చూసి ఈ టీకాను పక్కన పడేసేవాళ్ళేమో.

2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దీన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. ఆ వార్త చదివిన రోజు వేలూరులో పాత స్నేహితురాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. తర్వాత మా తమ్ముడి కూతురికి ఆరు వారాలప్పుడు నేనే సబ్‌సెంటర్‌కు తీసుకెళ్ళాను. ఏఎన్ఎం అమ్మాయి చుక్కలు వేస్తూ, "ఇది బేదుల టీకా అక్కా, కొత్తగా వచ్చింది" అని ఎంతో ఓపికగా వివరించింది. నేను ఏమీ చెప్పలేదు. ఆ అమ్మాయి చెప్పేది మొదటి నుంచి చివరిదాకా విన్నాను. "టీకా వేసినా విరోచనాలైతే ఓఆర్‌ఎస్ తాపండి, ఆలస్యం చేయొద్దండి" అని చివర్లో అన్నప్పుడు సంతోషం పట్టలేకపోయాను. 56 శాతం అంటే ఏమిటో ఆ అమ్మాయికి మా బంధువుకన్నా బాగా తెలుసు.

మన పిల్లల పేగుల్లో ఈ టీకాలు ఎందుకు తక్కువ పనిచేస్తాయన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలా, అదే సమయంలో వేసే పోలియో చుక్కలా, పేగుల్లో ఎప్పుడూ కాపురముండే ఇతర క్రిములా, తిండి తక్కువా? వేలూరులోనే డోసులు పెంచి చూశారు, జింకు, ప్రోబయోటిక్ ఇచ్చి చూశారు. పెద్దగా తేడా రాలేదు. మా తర్వాత చేరిన పిల్లలు ఇప్పుడు అదే ప్రశ్న వెంట పడి ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి మా చిత్తూరు పక్కదే. ఎప్పుడైనా ఫోన్ చేసి ఫలానా శాంపిల్ ఎట్లా దాచేవాళ్ళు, ఆ రోజుల్లో నంబర్లు ఎట్లా వేసేవాళ్ళు అని అడుగుతుంది. గుర్తున్నంత వరకు చెబుతుంటాను.